మడమ కింద తోలు

మేస్త్రికి మనిషి ముఖం గుర్తుండకపోవచ్చు గానీ, బూటు అడుగు తిప్పి చూస్తే మాత్రం ఆ మనిషి నడక కళ్లకు కట్టేస్తుంది. బరువు ఎటు వేస్తాడో, ఏ మోకాలు నొప్పో, బస్సు కోసం పరుగెత్తే అలవాటుందో లేదో అన్నీ చెప్పేస్తాడు. ముప్పై ఏళ్లుగా ఇంటి ముందు గదిలోనే దుకాణం పెట్టుకుని కొత్త బూట్లు కుడుతున్నాడు, పాతవాటికి అడుగులు వేస్తున్నాడు. ఒక్క కూతురి జోడు మాత్రం తిప్పి చూసే పని లేదు. కుడిది మడమ దగ్గర అరుగుతుంది, ఎడమది వేళ్ల దగ్గర అరుగుతుంది. ఎడమ మడమ ఎప్పుడూ కొత్తగానే ఉంటుంది.

ఆ పిల్లకు ఏడేళ్లప్పుడు సైకిలు మీంచి పడి ఎడమ కాలు విరిగింది. విరిగింది అతుక్కుంది. కానీ ఎముక పెరిగే చోటే దెబ్బ తగిలిందట, ఆ కాలు పెరగడం మందగించింది. కుడి కాలు తన దారిన తాను పెరుగుతూ పోయింది. పదిహేనేళ్లు వచ్చేసరికి రెండింటికీ అయిదు సెంటీమీటర్ల తేడా. చిన్నప్పుడు ఇల్లంతా గెంతుతూ తిరిగేది కాబట్టి పిచ్చుక అని పిలవడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఇరవై మూడేళ్లొచ్చినా ఇంట్లో పిచ్చుకే.

ఏడాదికోసారి మేస్త్రి ఆమె ఎడమ బూటు అడుగున ఇంకో పొర బెండు అతికించి, బయటికి కనబడకుండా తోలు చుట్టేవాడు. ఆ పనితనం చూసి తోటి మేస్త్రులు మెచ్చుకున్నారు. ఆయన మాత్రం ఎప్పుడూ మెచ్చుకోలేదు. కాలు నేలకు అందకపోతే నేలనే కాలి దగ్గరకు తేవాలి, అదీ ఆయన లెక్క. అంతకు మించి ఏం చెయ్యాలో ఆయనకు తెలియదు.

పిచ్చుక గ్రంథాలయంలో పనిచేస్తుంది. అక్కడ పై అరలకు చక్రాల నిచ్చెన ఉంది. బెండు బూటుతో నిచ్చెన ఎక్కితే మెట్టు కాలికి తగిలిందో లేదో తెలియదు. రెండుసార్లు జారింది. మూడోసారి జారిన రోజు ఇంటికొచ్చి, కాలు పొడవు చేసే ఆపరేషన్ చేయించుకుంటానని చెప్పింది.

"దేవుడిచ్చిన కాలు కదమ్మా" అన్నాడు మేస్త్రి. పొద్దున్నే దీపం వెలిగించి ప్రార్థన చేసుకోనిదే మంచినీళ్లు కూడా ముట్టని మనిషి.

"దేవుడు రెండూ సమానంగానే ఇచ్చాడు నాన్నా. తేడా చేసింది సైకిలు."

ఆయన మళ్లీ పనిలో కూర్చున్నాడు. ఆ రోజంతా ఆలోచించాడు. దేవుడు ఇచ్చిందేది, సైకిలు చేసిందేది, ఇప్పుడు డాక్టరు చెయ్యబోయేది ఎవరి ఖాతాలో వెయ్యాలి? తేలలేదు. మర్నాడు పొద్దున్నే సంచీ సర్ది కూతురితో ఆసుపత్రికి బయల్దేరాడు.

పెద్ద డాక్టరు మోకాలి కింద ఎముకను కోసి, కాలి చుట్టూ ఇనుప కడియాలు బిగించాడు. వాటికి మరలున్నాయి. రోజుకు నాలుగుసార్లు, ఒక్కోసారి పావు మిల్లీమీటరు తిప్పాలి. తిప్పే పని మేస్త్రి తీసుకున్నాడు, టైము చెప్పే పని ఆయన భార్య తీసుకుంది. యాభై రోజులు తిప్పారు. కోసిన రెండు ముక్కల మధ్య రోజుకో మిల్లీమీటరు కొత్త ఎముక పుట్టుకొచ్చింది. తర్వాత అది గట్టిపడడానికి మరో అయిదు నెలలు. కడియాలు విప్పిన రోజు రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి కొలిస్తే సమానంగా ఉన్నాయి.

సమానం పొడవులోనే. కుడి పిక్క చుట్టుకొలత ముప్పై నాలుగు సెంటీమీటర్లు, ఎడమది ఇరవై ఆరు. పిక్క ఉండాల్సిన చోట చర్మం వేలాడుతోంది. పాదం ముందుకు వాలిపోయి, నిలబడితే మునివేళ్లే నేలకు తగులుతున్నాయి. మడమ పైనే ఉండిపోయింది.

"ఎముకను సాగదీస్తే పెరుగుతుంది. కండ అలా కాదు, అలిగి కూర్చుంటుంది. బతిమాలాలి, బెదిరించాలి, రోజూ పలకరించాలి" అంది వ్యాయామాలు చేయించే డాక్టరమ్మ. ఆమె పొట్టి మనిషి, గొంతు మాత్రం వీధి చివరికి వినిపిస్తుంది. పిచ్చుక అమ్మ మొదటి రోజే ఆమెకు హెడ్మాస్టరమ్మ అని పేరు పెట్టేసింది.

పాదానికి తువ్వాలు వేసి తనవైపు లాక్కోవడం, గోడకు చేతులానించి మడమను నేలకు నొక్కడం, వేళ్లతో గోళీలు ఏరడం. పూటకు గంట. నెల రోజుల్లో మడమకూ నేలకూ మధ్య సందు నాలుగు సెంటీమీటర్ల నుంచి రెండుకు దిగింది. పిక్క ఇరవై ఎనిమిదికి వచ్చింది. ఇక బూటు వేసుకుని నడవొచ్చు, అడుగు చదునుగా ఉండాలి అంది హెడ్మాస్టరమ్మ.

మేస్త్రి కూతురి పాదాల కొలతకు చెక్కుకున్న అచ్చులు రెండూ బయటికి తీశాడు. ఎత్తు కొలత కోసం ఎడమ అచ్చుకు పదిహేనేళ్లుగా అతికి ఉన్న బెండును గీకి పారేశాడు. రెండు బూట్లకూ ఒకటే మందం అడుగు వేసి, ఒకటే ఎత్తు మడమ పెట్టి, మెత్తని తోలుతో కుట్టాడు. కుడుతున్నంతసేపూ లోపల ఏదో పాట పాడుకున్నాడు.

పిచ్చుక తొడుక్కుని నాలుగడుగులు వేసింది. ఎడమ మడమ బూటులో దిగలేదు. అడుగు తీసినప్పుడల్లా బూటు వెనక జారుతోంది. కాలు కాలిన పిల్లిలా గది ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగి, కూర్చుని, మేజోడు విప్పింది. మడమ వెనక ఎర్రగా కమిలిపోయింది.

"నొప్పిగా ఉందా?" అన్నాడు.

"లేదు నాన్నా. బూటు బాగుంది. కాలే బాగా లేదు."

ఆ మాట ఆయన గుండెలో ముల్లులా దిగింది. మర్నాడు జోడు దుకాణంలోకి తీసుకెళ్లి, ఎడమ బూటు లోపలి అట్ట లేపాడు. పల్చని తోలు ముక్కలు ఎనిమిది కోసి, ఒకదాని మీద ఒకటి అతికించి, ముందువైపు ఏటవాలుగా చెక్కి, మడమ చోట అమర్చాడు. పైన మళ్లీ అట్ట వేశాడు. వెనక తోలును కాస్త ఎత్తు పెంచాడు. బయటినుంచి చూస్తే రెండు బూట్లూ కవలపిల్లల్లా ఉన్నాయి. అడుగు చదునుగానే ఉంది కదా, హెడ్మాస్టరమ్మ చెప్పింది అడుగు గురించే కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. ఇందులో చెప్పేదేముందనుకున్నాడు.

"నాన్నా, ఇప్పుడు కుదిరింది. ఏం చేశావ్?" అంది పిచ్చుక.

"కాస్త సవరించాను."

ఆమె లోపల చెయ్యి పెట్టి చూడలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎడమ బూటు ఎన్నడూ చదునుగా లేదు. బూటంటే అలాగే ఉంటుందనుకుంది. వీధి చివరిదాకా నడిచొచ్చింది. కాలు కొంచెం ఈడుస్తోంది గానీ, ముఖంలో మాత్రం వెలుగు. మేస్త్రి భార్య గుమ్మంలో నిలబడి చూసి, "మీ చేతులకు దిష్టి తియ్యాలండీ" అంది.

ఆ తర్వాత నాలుగు వారాలు ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే జరిగింది. పిక్క ఇరవై ఎనిమిది దగ్గరే ఆగిపోయింది. సందు రెండు సెంటీమీటర్ల దగ్గరే ఉండిపోయింది. పెద్ద డాక్టరు చూసి, ఎనిమిది వారాలు గడువిచ్చాడు. అప్పటికీ మడమ నేలకు తగలకపోతే దాని వెనక, పిక్కను మడమకు కట్టి ఉంచే స్నాయువును కోసి పొడవు చెయ్యాలి. మళ్లీ కట్టు, మళ్లీ మంచం. ఉన్న కాస్త కండా కరిగిపోతుంది. గ్రంథాలయం వాళ్లిచ్చింది ఏడాది సెలవు. అందులో మూడు నెలలే మిగిలాయి.

మేస్త్రి ప్రార్థన పెంచాడు. రోజూ పొద్దున దీపం ముందు కళ్లు మూసుకుని, ఇంకేమీ అడగను, ఆ పిల్ల మడమ నేలకు దించు స్వామీ అనేవాడు. లేచి కూతురి బూట్లు తుడిచి గుమ్మం దగ్గర పెట్టేవాడు.

గడువు మొదలైన పదకొండో రోజున పిచ్చుకతో పాటు వ్యాయామాల గదికి వెళ్లాడు. లోపల చాపలు పరిచి ఉంటాయి కాబట్టి బూట్లు బయట అరలో విప్పాలి. ఆయన ఆ అర పక్కనున్న బల్ల మీద కూర్చున్నాడు. తలుపు తెరిచే ఉంది.

"రోజూ చేస్తున్నావా?" హెడ్మాస్టరమ్మ గొంతు.

"చేస్తున్నానండీ."

"నువ్వు చెప్పేది ఒకటి, టేపు చెప్పేది ఒకటి. నేనెవర్ని నమ్మాలి?"

"పూటకు గంట చేస్తున్నానండీ. మా అమ్మను అడగండి. గడియారం పట్టుకుని ఎదురుగా కూర్చుంటుంది."

"గంట సరే. మిగతా రోజంతా ఆ మడమ ఎక్కడుంటోంది?"

"బూటులోనే. చదును బూటు."

"ఎవరు కుట్టారు?"

"మా నాన్న."

"అయితే దాని గురించి అడగక్కర్లేదులే. లోపం నీ దగ్గరే ఉంది. బద్ధకం వదిలించుకో."

పిచ్చుక తువ్వాలు మడిచి లేచింది. బయటికొచ్చేటప్పుడు ముక్కు ఎర్రగా ఉంది. వెనకే హెడ్మాస్టరమ్మ వచ్చి, మేస్త్రిని చూసి గొంతు తగ్గించింది.

"మేస్త్రి గారూ, మీ పిల్లకు కాస్త మీ భాషలో చెప్పండి. తడి తోలును అచ్చు మీద లాగి ఎన్నాళ్లుంచుతారు?"

"రెండు మూడు రోజులండీ. ఆరక ముందే తీస్తే ముడుచుకుపోతుంది."

"కండా అంతే. ఎక్కడ ఉంచితే అక్కడికే అలవాటు పడుతుంది. గంటసేపు లాగి, పద్నాలుగు గంటలు ముడిచి ఉంచితే అది పద్నాలుగు గంటల మాటే వింటుంది."

మేస్త్రి అరలో ఉన్న ఎడమ బూటు వైపు చూశాడు. ఎనిమిది పొరలూ ఒక్కొక్కటిగా కళ్ల ముందు కదిలాయి. సరేనండీ అని మాత్రం అన్నాడు.

ఇంటికొచ్చాక పిచ్చుక భోంచేసి పడుకుంది. ఆయన బూటు తీసుకుని దుకాణంలోకి వెళ్లి, తలుపు దగ్గరకు వేసి, అట్ట లేపి, ఎనిమిది పొరలూ ఒక్కసారే పెకలించేశాడు. ఇలా తీసేస్తే అయిపోతుంది, ఎవరికీ తెలియక్కర్లేదు అనుకున్నాడు.

అలా అయిపోలేదు. మర్నాడు పొద్దున పిచ్చుక అమ్మతో కలిసి సబ్బులు కొనడానికి వెళ్లి, సగం దారిలో పిక్క పట్టేసి, గోడ పట్టుకుని నిలబడిపోయింది. అమ్మ భుజం మీద చెయ్యి వేసి గెంతుకుంటూ ఇంటికొచ్చింది. పిక్క రాయిలా గట్టిపడింది. ముట్టుకోనివ్వడం లేదు.

"నిన్నటిదాకా బాగానే నడిచాను. ఇవాళ ఏమైందో" అంది కళ్లు మూసుకుని. "నిజంగానే నేను సరిగ్గా చెయ్యట్లేదేమో అమ్మా. తువ్వాలు గట్టిగా లాగట్లేదేమో."

మేస్త్రి వేడినీళ్ల గిన్నె పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. రోజూ పొద్దున మడమ దించమని అడిగిందీ తానే, ఆ మడమకూ నేలకూ మధ్య తోలు పెట్టిందీ తానే. తన ప్రార్థన విని దేవుడు ఏమనుకుని ఉంటాడు? ముందు నీ చెయ్యి తియ్యి నాయనా అనుకుని ఉంటాడా? లేక ఆ హెడ్మాస్టరమ్మ నోట ఆ మాట పలికించిందే జవాబా? జవాబు నిన్ననే వచ్చి ఉంటే, దాన్ని దొంగచాటుగా పాటించడమేమిటి?

గిన్నె కింద పెట్టి, మంచం పక్కన కూర్చున్నాడు.

"నువ్వు సరిగ్గానే చేశావమ్మా. నేనే నీ బూటులో మడమ కింద తోలు పెట్టాను. ఎనిమిది పొరలు. ఆరు వారాల కిందట. నిన్న మధ్యాహ్నం అన్నీ ఒకేసారి తీసేశాను."

ముందు భార్యే అందుకుంది. "దిష్టి తియ్యాలన్నాను చూడండి, నా నోటిని అనాలి."

పిచ్చుక మెల్లగా లేచి కూర్చుంది. "ఆవిడ నన్ను బద్ధకస్తురాలంటుంటే నువ్వు బయటే ఉన్నావుగా నాన్నా?"

"ఉన్నాను."

"విన్నావుగా?"

"విన్నాను."

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట తండ్రితో మాట్లాడలేదు. సాయంత్రం తువ్వాలు అందించబోతే అమ్మను ఇమ్మంది. ఆయన తువ్వాలు భార్య చేతికిచ్చి దుకాణంలోకి వెళ్లి కూర్చున్నాడు. మొదటి రోజున పిల్ల కాలు కమిలితే చూడలేక చేసిన పని. చూడలేకపోవడం కూడా తప్పేనా అని తనను తానే అడుగుతూ కూర్చున్నాడు. పిల్ల ముఖం గోడవైపు తిరిగి ఉన్నంతసేపూ తప్పే అనిపించింది.

రెండు రోజుల తర్వాత కాలు సడలింది. మేస్త్రి ఎనిమిది పొరలూ కాగితంలో చుట్టి, బూటుతో సహా హెడ్మాస్టరమ్మ బల్ల మీద పెట్టి సంగతంతా చెప్పాడు. పిచ్చుక పక్కనే కర్ర మీద ఆనుకుని నిలబడింది.

హెడ్మాస్టరమ్మ పొరలు లెక్కపెట్టింది. ఒకదాన్ని వేళ్ల మధ్య నలిపి చూసింది. "మంచి తోలు" అంది. మేస్త్రి తల దించుకున్నాడు.

"పెట్టడం ఒక తప్పు. చెప్పకుండా ఒకేసారి తియ్యడం అంతకన్నా పెద్ద తప్పు. కండ తెగి ఉంటే ఇప్పుడు మనం వేరే గదిలో మాట్లాడుకుంటూ ఉండేవాళ్లం." తర్వాత పిచ్చుక వైపు తిరిగింది. "నిన్ను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానమ్మా. మీ నాన్న పనితనాన్ని నమ్మి, లోపల చెయ్యి పెట్టి చూడలేదు. అది నా బద్ధకం."

"నేనూ పెట్టి చూడలేదండీ" అంది పిచ్చుక. "ఇరవై మూడేళ్లొచ్చాయి, చదును బూటు ఎలా ఉంటుందో నాకేం తెలుసు."

హెడ్మాస్టరమ్మ ముందు నవ్వి, ఆ తర్వాత గోడ మీది క్యాలెండరు చూసింది. గడువుకు ఇంకా నలభై రెండు రోజులున్నాయి. "మేస్త్రి గారూ, ఇవన్నీ మళ్లీ లోపల పెట్టండి. అయిదు రోజులకొకటి చొప్పున తియ్యండి. ఎనిమిదికి నలభై రోజులు. ఒక్క రోజు ముందూ వద్దు, ఒక్క రోజు వెనకా వద్దు. మీరు చేసిన పని ఇలాగైనా పనికొస్తుందేమో చూద్దాం."

"నా ఎదురుగా తియ్యాలి" అంది పిచ్చుక. తండ్రిని చూడకుండానే అంది, కానీ ఆయనతోనే అంది.

అలాగే తీశాడు. అయిదు రోజులకోసారి ఆమె దుకాణంలో ఎత్తుపీట మీద కూర్చునేది. ఆయన అట్ట లేపి, సన్నని కత్తితో ఒక పొర వేరుచేసి ఆమె చేతిలో పెట్టేవాడు. ఆమె దాన్ని కిటికీ దగ్గర మేకుకు గుచ్చేది. పొర తీసిన మొదటి రెండు రోజులూ పిక్క లాగేది, మూడో రోజుకు సర్దుకునేది, అయిదో రోజుకు మళ్లీ కత్తి. మూడో పొరకు ఆమె మామూలుగా మాట్లాడడం మొదలుపెట్టింది. నాలుగో పొర రోజున, "ఏవండీ మేస్త్రి గారూ, లోపల ఇంకేమైనా దాచారా, ఇప్పుడే చెప్పండి" అంది. ఆయనకు ఏళ్ల బరువు దిగినట్టయింది.

అయిదో పొర దగ్గర టేపు కదిలింది. ఇరవై ఎనిమిదిన్నర. హెడ్మాస్టరమ్మ గోడ పట్టుకుని ఎడమ మునివేళ్ల మీద లేవమంది. పిచ్చుక లేవలేకపోయింది. రెండు కాళ్ల మీదా లేచి ఎడమ కాలి మీద దిగమంది. అది చెయ్యగలిగింది. ఆరో పొరకు పది సార్లు, ఏడో పొరకు ఇరవై. ఇంట్లో అమ్మ పక్కన నిలబడి తానూ లేచి దిగేది. మూడో రోజుకు ఆవిడ పిక్కలే పట్టేశాయి. "పిల్లకు కండ రావడమేమో గానీ, నా ప్రాణం మీదికొచ్చింది" అని మంచం ఎక్కింది.

మేస్త్రి ప్రార్థన మారింది. ఇప్పుడు మడమ సంగతి అడగడం లేదు. నా చేతులు ఎక్కడ పెట్టాలో అక్కడే ఉండేట్టు చూడు స్వామీ అని లేచొచ్చేవాడు.

నలభై రెండో రోజున పెద్ద డాక్టరు పిచ్చుకను బూట్లు విప్పి నేల మీద నిలబడమన్నాడు. చీటీ కాగితం ఒకటి చింపి, వంగి, ఎడమ మడమ కిందికి తోశాడు. దుకాణంలో బూటు కుదిరిందో లేదో మేస్త్రి కూడా ఇలాగే చూస్తాడు. కాగితం సగం దాకా పోయి ఆగింది. డాక్టరు లాగితే కొంచెం వచ్చింది.

"మోకాలు కాస్త వంచు" అన్నాడు డాక్టరు. వంచింది. మళ్లీ లాగాడు. కాగితం చిరిగింది.

డాక్టరు చిరిగిన ముక్క చూసుకుని, కుర్చీలో కూర్చున్నాడు. "మోకాలు నిటారుగా ఉంటే ఇంకా మూడు మిల్లీమీటర్లు ఉంది. వంచితే లేదు. కొయ్యాల్సిన పని లేదు, వ్యాయామంతోనే వస్తుంది. పిక్క మాత్రం కుడిదానంత ఎప్పటికీ కాకపోవచ్చు. అది తెలుసుకో."

"నిచ్చెన ఎక్కొచ్చా?" అంది పిచ్చుక.

"నెల ఆగి ఎక్కు. ఒక చేత్తో పుస్తకాలు, ఒక చెయ్యి నిచ్చెన మీద."

బయటికొచ్చాక మేస్త్రి మెట్ల దగ్గర కూర్చుండిపోయాడు. మూడు మిల్లీమీటర్లంటే దాదాపు ఒక పొర మందం. ఆయన అడగనూ లేదు, ఆమె చెప్పనూ లేదు, ఇద్దరూ లెక్కవేసుకున్నారు.

పిచ్చుక సెలవు ముగియకముందే పనిలో చేరింది. పిక్క ముప్పైకి వచ్చి అక్కడ నెమ్మదించింది. అలిసిపోయిన సాయంత్రాలు కాలు ఇంకా కొంచెం ఈడుస్తుంది. గుర్తుచేస్తే సరిచేసుకుంటుంది, మరీ గుర్తుచేస్తే విసుక్కుంటుంది.

నాలుగు నెలలు గడిచాక ఒక సెలవు రోజు ఆ జోడే తెచ్చి దుకాణంలో బల్ల మీద పడేసింది. "మేస్త్రి గారూ, అడుగు జారుతోంది. చూసి పెట్టండి" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆయన అలవాటు కొద్దీ కుడిది పక్కన పెట్టి, ఎడమది తిప్పాడు. తిప్పి అలాగే పట్టుకున్నాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఎనిమిది పొరలూ గుచ్చిన మేకు పక్కన వెలుతురులో పెట్టి చూశాడు. తర్వాత భార్యను కేకేశాడు. ఆవిడ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"చూడు" అన్నాడు బూటు చూపించి. ఎడమ మడమ వెనక అంచు ఏటవాలుగా అరిగిపోయి, లోపలి మేకు తల మెరుస్తోంది.

ఆవిడ చూసింది. ఆవిడకూ అర్థమైంది. అయినా ఊరుకుంటుందా. "ఏడాదైనా తిరక్కముందే అరిగితే అదేం పనితనమండీ" అంది.

"అరగనీ" అన్నాడు మేస్త్రి. కొత్త తోలు కోయడానికి కత్తి తీసుకున్నాడు గానీ, ఆ పూటకు ఆ మడమను ముట్టుకోలేదు.